గాజు తొట్టె నేర్పిన పాఠం



మా ఇంట్లో అబ్బాయి ఒక గాజు తొట్టెలో రంగుచేపలు పెంచుకునేవాడు. ఒక మే నెల మధ్యాహ్నం చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. పాపం, ఎండకు అల్లాడుతున్నాయనుకొని ఫ్రిజ్‌లోని చల్లని నీళ్ళు రెండు సీసాలు పోశాను. సాయంత్రానికి నాలుగు చేపలు చచ్చి తేలాయి. "నాన్నగారూ, మీరు మంచికే పోశారు గదా, ఎందుకు చచ్చిపోయాయి?" అని వాడు అడిగితే జవాబు చెప్పలేకపోయాను. తరువాత తెలిసినవారిని అడిగి తెలుసుకున్నాను.

ఎండైనా చలైనా మన ఒంటి వేడి దాదాపు 37 డిగ్రీలే. చేపకు ఆ ఏర్పాటు లేదు. నీటి వేడే దాని ఒంటి వేడి. అందుకే నీరు ఒక్కసారిగా మారితే తట్టుకోలేదు. పైగా నీరు వేడెక్కేకొద్దీ అందులోని ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల నీటిలో ఏడున్నరే కరుగుతుంది. మా చేపలు అడిగింది గాలి. నేను పోసింది చలి.

గోల్డ్‌ఫిష్‌కు 18 నుండి 22 డిగ్రీలు హాయి. గప్పీ, ఏంజెల్, ఫైటర్ చేపలకు 24 నుండి 28 కావాలి. కనుక వీటిని గోల్డ్‌ఫిష్‌తో కలిపి పెంచకూడదు. వేసవిలో తొట్టెను కిటికీ ఎండకు దూరంగా ఉంచి, గాలి పంపు ఆడించి, మేత తగ్గించండి. నీరు మార్చేటప్పుడు నాలుగో వంతు మాత్రమే మార్చండి. ఆ కొత్త నీటిని ముందురోజే బకెట్లో పట్టి అదే గదిలో ఉంచాలి. కొత్త చేపలను తెస్తే, సంచితో పాటు పావుగంట తొట్టెలో తేలనిచ్చి తరువాత వదలండి. చలికాలంలో హీటరు వాడితే లీటరు నీటికి సుమారు ఒక వాట్ చాలు. చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీయడం మరువకండి. చలి తగిలిన చేపలకు ఒంటిమీద తెల్లని చుక్కల జబ్బు త్వరగా వస్తుంది. తొట్టెలో ఒక థర్మామీటరు ఉంటే మేలు.

దేవుడు ఐదవ దినమున జలచరాలను ఏ జాతికి ఆ జాతిగా కలుగజేశాడు. మన బిడ్డలూ అంతే. ఒకడు గట్టిమాటకు దిద్దుకుంటాడు, మరొకడు అదే మాటకు ముడుచుకుపోతాడు. మంచికే అంటూ మనం ఒక్కసారిగా కుమ్మరించే మాట వారి హృదయాన్ని గాయపరచవచ్చు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు మా అబ్బాయిని క్షమాపణ అడిగాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.