ఆ గొయ్యి ఎవరి ఖాతాలో?

వాన వెలిసిన మర్నాడు భీమవరం చుట్టుపక్కల ఏ ఊరికైనా బండి మీద బయల్దేరండి. ఓ పక్క పంటకాలువ, మరో పక్క రొయ్యల చెరువు. మధ్యలో మిగిలిన తారు మీద నీళ్లు నిలిచిన గోతులు. లోతెంతో తెలీదు. ఇంతలో ఎదురుగా లారీ! పక్కకి తప్పుకుందామంటే మార్జిను కాస్తా చెరువులోకి జారిపోయి ఉంటుంది.

ఎవరు బాగు చెయ్యాలండీ దీన్ని? కాలువ గట్టయితే ఇరిగేషన్‌ది. ఊళ్లను కలిపే రోడ్డయితే పంచాయతీరాజ్‌ది. కాస్త పెద్దదైతే ఆర్‌ అండ్‌ బీది. గొయ్యి మాత్రం అందరిదీ.

ఈ తగవు 2021 అక్టోబరు 2న రాష్ట్రమంతటికీ కనిపించింది. ధవళేశ్వరం కాటన్‌ బ్యారేజీ మీద గోతులు శ్రమదానంతో పూడుస్తామన్నారు జనసేన అధ్యక్షుడు పవన్‌ కల్యాణ్‌. పద్ధతి లేకుండా పూడిస్తే బ్యారేజీకే దెబ్బంటూ ఇరిగేషన్‌ అధికారులు ఒప్పుకోలేదు. చివరికి రాజమండ్రి పక్కన హుకుంపేటలో పార పట్టారాయన. (2024లో పంచాయతీరాజ్‌ శాఖ ఆయన చేతికే వచ్చింది. అది వేరే సంగతి.)

పద్ధతి కావాలన్న మాట నిజమే. డెల్టాలో చాలాచోట్ల నల్లమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. రోడ్డును ఆనుకుని చెరువు తవ్వి నెలల తరబడి నీళ్లు నిలిపితే అడుగు ఆరేదెప్పుడు? కింద మెత్తగా ఉంటే పైన ఎంత తారు పోసినా ఒకటే. తట్టెడు మట్టి సంగతి సరేసరి, రెండు వానలకి కొట్టుకుపోతుంది.

మరి డబ్బో? బండి కొన్నరోజే జీవితకాల పన్ను కట్టాం. 2020లో పెట్రోలు, డీజిలు మీద లీటరుకు రూపాయి రోడ్డు సెస్సు వేశారు. ఆ రాబడిని చూపించి బ్యాంకు అప్పూ తెచ్చారు. 2024 నవంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు అసెంబ్లీలో ఇంకో దారి చెప్పారు. రోడ్ల నిర్వహణ ఏజెన్సీలకు ఇద్దాం, ముందు ఉభయ గోదావరి జిల్లాల్లో చేసి చూద్దాం అన్నారు. ఊరి నుంచి మండల కేంద్రం దాకా టోలు ఉండదట. ఆపైన కార్లు, బస్సులు, లారీలు కట్టాలి. బైకులు, ఆటోలు, ట్రాక్టర్లకు మినహాయింపు.

గోదావరి జిల్లాలకు టోలు కొత్తేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో స్థానిక బోర్డులు గేట్లు పెట్టి వసూలు చేసేవి. 1931లో మోటారు వాహనాల పన్ను తెచ్చి వాటిని ఎత్తేశారు. అంటే గేటు పోయి పన్ను వచ్చింది. ఇప్పుడు పన్నూ ఉండి గేటూ వస్తే ఒకే రోడ్డుకు రెండుసార్లు కట్టినట్టు కాదూ? ముందు ఆ లీటరు రూపాయి ఏ రోడ్డుకి ఎంత వెళ్లిందో ఊరి బోర్డు మీద రాసి పెట్టాలి. టోలు మాట ఆ తర్వాత.

అప్పుడైనా కారునీ లారీనీ ఒకే గాటన కట్టకూడదు. 1958-60 మధ్య అమెరికాలోని ఇల్లినాయిలో రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి పరీక్షించారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు దెబ్బ దాదాపు 16 రెట్లని తేలింది. ఆ లెక్కన కారు చేసే నష్టం లెక్కలోకే రాదు. ఇసుక లారీ, చేపల లారీ, మోయలేనంత ధాన్యం వేసుకున్న ట్రాక్టరు... అసలు పద్దు అక్కడుంది. ట్రాక్టరుకు మినహాయింపంటే రైతు సంతోషిస్తాడు గానీ, ఇసుక మోసే ట్రాక్టరు కూడా ఆ లెక్కలోనే దాటిపోతుంది.

ఆక్వా రైతు ఊరుకోడు. ఎగుమతుల డబ్బు తెచ్చేది మేం కాదా అంటాడు. నిజమే. కాకపోతే ఆ చెరువుకు పొలం లీజుకిచ్చినాయన కూడా ఆ గోతిలోంచే ఆసుపత్రికి వెళ్లాలి. రోడ్డుకీ చెరువు గట్టుకీ మధ్య కాస్త జాగా వదలమనడం పెద్ద కోరికేం కాదు.

ఇక బరువు తూచడం ఎలాగంటారా? ధాన్యం లారీ కాటా ఎక్కందే కదలదు. ఎన్ని టన్నులో రాసిన చీటీ డ్రైవరు జేబులోనే ఉంటుంది.