రేడియో ముల్లు చెప్పెడి మాట

ఇరువైపులవారును మాటలాడుకొను రేడియోయంత్రముల ముఖమున సాధారణముగ చిన్న ముల్లొకటి యుండును. క్రొత్త యంత్రములలో దానికి బదులుగా గీతలు వెలుగును. ఎదుటివారి సంకేతము చేరగనే యది లేచి యొక యంకెను చూపును. అంకె పెద్దదైనంతమాత్రమున మాట స్పష్టముగ తెలియునని పలువురు తలతురు. అది పొరపాటు.

ఈ కొలమానమునకు ఎస్ మీటరని పేరు. ఇందు 1 మొదలు 9 వరకు మెట్లు కలవు. అంగీకృతమైన లెక్కప్రకారము మెట్టునకు 6 డెసిబెళ్లు. అనగా నొక మెట్టు లేచుటకు వోల్టేజి రెండింతలును, శక్తి నాలుగింతలును కావలెను. హ్రస్వతరంగములందు 9వ మెట్టనగా 50 మైక్రోవోల్టులు, అనగా నొక వోల్టులో ఇరువదివేలవ వంతు. 30 మెగాహెర్ట్జులకు పైబడిన తరంగములందు 5 మైక్రోవోల్టులే. "తొమ్మిదిపైన ఇరువది డెసిబెళ్లు" అన్నచో, తొమ్మిదవ మెట్టుకంటె శక్తి నూరింతలని యర్థము.

ఇందువలన నొక సంగతి తేలుచున్నది. 5 వాట్ల యంత్రమును 20 వాట్లకు పెంచినను అవతలివారి ముల్లు ఒక్క మెట్టే లేచును. కాబట్టి శక్తికై వ్యయపడుటకంటె, ముందు ఏంటెన్నాను ఎత్తైన తావున నిలుపుట మేలు.

అయితే అన్ని యంత్రముల ముల్లులును ఒక్క తీరున చూపవు. ఒకే యంత్రమున నిన్నటి యంకెను నేటి యంకెతో పోల్చుటయే నమ్మదగిన పద్ధతి. మరియు ముల్లు మాటనే కాక, మెరుపులవలనను మోటారులవలనను కలుగు రొదను గూడ కొలుచును. రొద 7లో నుండగా మాటయు 7లో నున్నచో ఏమియు తెలియదు. రొద 1లో నుండగా మాట 3లో నున్నను చక్కగ తెలియును. కావున నెవ్వరును మాటలాడనప్పుడు ముల్లెక్కడ నున్నదో ముందుగ చూడవలెను.

ఈ కారణముచేతనే రేడియోవారు రెండంకెలు చెప్పుదురు. మొదటిది స్పష్టత, 1 మొదలు 5 వరకు. రెండవది బలము, 1 మొదలు 9 వరకు. మర్యాదకొరకు అందరికిని "ఐదు తొమ్మిది" అనువారు కలరు. వేడుకకు మాటలాడునప్పుడు దానివలన హాని లేదు. కాని 2004 డిసెంబరు 26న సునామీ అండమానుదీవులను తాకినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థకు చెందిన శ్రీమతి భారతీ ప్రసాద్ పోర్టుబ్లెయిరునుండి రేడియోద్వారా జనుల క్షేమవార్తలను దేశమునకు అందజేసిరి. అట్టి వేళ నొక పేరు తప్పుగ వినబడినచో నొక కుటుంబము వృథాగ దుఃఖింపవలసివచ్చును.

బాలబాలికలారా, ముల్లు చూపినదానిని వ్రాసికొనుడు. చెవికి తెలిసినదానిని మాత్రమే తెలిసినదని చెప్పుడు. తెలియనిచో "మరల చెప్పు"డని యడుగుటకు సిగ్గుపడకుడు.