ధ్యానంలో వెలుగు కనిపించిందా? అసలు గుర్తు అది కాదు!

‘కనుబొమ్మల మధ్య నీలం వెలుగు కనిపిస్తోందా? మీ మూడో కన్ను తెరుచుకుంటోంది!’, ‘కూర్చుంటే ఒళ్లు ఊగిపోతోందా? కుండలిని మేల్కొంది!’.. ధ్యానం గురించి ఫోన్‌లో ఒక్క వీడియో చూశామంటే చాలు, ఇక ఇలాంటి రీల్స్ వరసకట్టేస్తాయి. 21 రోజుల్లో దివ్యానుభవం, ఏడు గుర్తులు, తొమ్మిది మెట్లు అంటూ లెక్కలు కూడా ఉంటాయి. ఐక్యరాజ్యసమితి 2024లో డిసెంబరు 21ని ప్రపంచ ధ్యాన దినోత్సవంగా ప్రకటించాక ఈ ఆసక్తి ఇంకాస్త కనిపిస్తోంది. మంచిదే. కాకపోతే కళ్లు మూసుకున్న ప్రతివాళ్లకీ ఓ సందేహం.. ‘నేను ఎదుగుతున్నానా లేదా? నాకేం కనిపించట్లేదేంటి?’

ఈ సందేహం కొత్తదేం కాదు. మన పాత గ్రంథాలు దీనికి చాలా సూటిగా జవాబిచ్చాయి. ఆ జవాబు మాత్రం రీల్స్‌లో చెప్పేదానికి దాదాపు వ్యతిరేకంగా ఉంటుంది.

వెలుగులు, శబ్దాలు నిజమే

ముందుగా ఓ మాట. ధ్యానంలో వెలుగులు కనిపించడం కట్టుకథ కాదు. శ్వేతాశ్వతర ఉపనిషత్తు రెండో అధ్యాయంలో దీని గురించి ఓ జాబితానే ఉంది. మంచు, పొగ, సూర్యుడు, గాలి, నిప్పు, మిణుగురులు, మెరుపు, స్ఫటికం, చంద్రుడు.. ఇలాంటి రూపాలు కనిపిస్తాయని చెబుతుంది. స్వాత్మారాముడి హఠయోగ ప్రదీపిక శబ్దాల సంగతి చెబుతుంది. మొదట్లో సముద్రం హోరు, మేఘాల ఉరుము, భేరి మోత. తర్వాత శంఖం, గంట. చివరికొచ్చేసరికి వేణువు, వీణ, తుమ్మెద ఝంకారం.

అయితే ఉపనిషత్తు ఆ రూపాలను గమ్యం అనలేదు. అసలుది తెలియడానికి ముందు వచ్చేవి అంది. ఊరు దగ్గరపడుతుంటే రోడ్డు పక్కన బోర్డులు కనిపిస్తాయి కదా, అలాంటివన్నమాట. బోర్డు దగ్గర దిగిపోయి ఊరొచ్చేసిందని సెల్ఫీ తీసుకుంటే ఎలా?

దీనికి మెదడు వైపు నుంచి కూడా ఓ వివరణ ఉంది. కళ్లు మూసుకుని, కదలకుండా, నిశ్శబ్దంగా కూర్చుంటే మెదడుకు బయటి నుంచి వచ్చే సమాచారం బాగా తగ్గిపోతుంది. అలాంటప్పుడు అది తనంతట తానే బొమ్మలు, వెలుగులు అల్లుకోగలదు. చీకటి గదిలో చాలాసేపు ఒంటరిగా ఉన్నా, నిద్రలోకి జారుకునే ముందు క్షణాల్లోనూ చాలామందికి ఇలాంటివే ఎదురవుతాయి. అంటే వెలుగు కనిపించినంత మాత్రాన గొప్ప కాదు, కనిపించకపోతే లోటూ కాదు.

పతంజలి ముందే చెప్పాడు

యోగసూత్రాల మూడో పాదం పేరు విభూతి పాదం. ఇతరుల మనసు తెలియడం, శరీరం తేలికవడం లాంటి శక్తుల చిట్టా అందులో చాలా పెద్దది. కానీ అదే పాదం మధ్యలో పతంజలి ఓ హెచ్చరిక పెట్టాడు. ఇలాంటివి బయటి ప్రపంచం వైపు చూసేవాడికి సిద్ధులే కావచ్చు, సమాధికి మాత్రం అడ్డంకులు అని తేల్చేశాడు.

ఇంకో ఆసక్తికరమైన విషయం మొదటి పాదంలో ఉంది. మనసును చెదరగొట్టే అడ్డంకులు తొమ్మిదింటిని ఆయన లెక్కపెట్టాడు. రోగం, బద్ధకం, అనుమానం లాంటి వాటితోపాటు ‘భ్రాంతిదర్శనం’ కూడా అందులో ఒకటి. అంటే లేనిదాన్ని ఉన్నట్టు అనుకోవడం. ఈ అడ్డంకుల వెంట వచ్చేవేమిటో కూడా చెప్పాడు. దుఃఖం, దిగులు, ఒళ్లు వణకడం, ఊపిరి లయ తప్పడం. గమనించారా? రీల్స్ కుండలిని మేల్కొందని సంబరపడే ఒళ్లు వణుకును పతంజలి మనసు చెదిరినదానికి గుర్తుగా రాసుకున్నాడు!

బౌద్ధంలోనూ ఇదే మాట. సుమారు 5వ శతాబ్దంలో శ్రీలంకలో బుద్ధఘోషుడు రాసిన విశుద్ధిమగ్గంలో విపశ్యన చేసేవాళ్లను దారి తప్పించే పది విషయాల ప్రస్తావన ఉంది. వాటిలో మొట్టమొదటిది వెలుగే. వెలుగు చూసిన సాధకుడు ‘నేను చేరిపోయాను’ అనుకుని అక్కడే ఆగిపోతాడట. జపాన్ జెన్ గురువులైతే ఇలాంటి దృశ్యాలన్నిటినీ కలిపి ‘మక్యో’ అంటారు. పట్టించుకోకుండా సాధన కొనసాగించమంటారు.

అర్జునుడి డౌటూ ఇదే

మరి నిజమైన గుర్తులేంటి? భగవద్గీత రెండో అధ్యాయంలో అర్జునుడు అచ్చంగా ఈ ప్రశ్నే వేశాడు. స్థితప్రజ్ఞుడి లక్షణాలేంటి, ఎలా మాట్లాడతాడు, ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడు? ఎంత తెలివైన ప్రశ్నో చూడండి. వాడికి ఏం కనిపిస్తుంది అని అడగలేదు. వాడు మనకు ఎలా కనిపిస్తాడు అని అడిగాడు.

కృష్ణుడు 18 శ్లోకాల్లో జవాబిచ్చాడు. దుఃఖంలో కుంగిపోడు, సుఖం కోసం అర్రులు చాచడు. రాగం, భయం, కోపం అతన్ని వదిలిపోయాయి. తాబేలు కాళ్లు లోపలికి ముడుచుకున్నట్టు ఇంద్రియాలను వెనక్కి తీసుకోగలడు. నదులు ఎన్ని వచ్చి కలిసినా పొంగిపోని సముద్రంలా ఉంటాడు. ఇందులో కళ్లు మూసుకుంటే కనిపించే రంగుల ఊసే లేదు. కళ్లు తెరిచాక ఎలా బతుకుతాడన్నదే మొత్తం.

‘ఇది ఎవరికి కనిపిస్తోంది?’

ఆధునిక కాలంలో ఈ మాటకు నిలువెత్తు ఉదాహరణ రమణ మహర్షి. 1896 జులైలో, మదురైలో, 16 ఏళ్ల వేంకటరామన్‌ను ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంది. డాక్టర్ కోసం పరుగెత్తకుండా, చనిపోయినవాడిలా పడుకుని ‘చచ్చేది శరీరం, మరి నేనెవరు?’ అని లోపలికి చూసుకున్నాడు. కొద్ది వారాల్లోనే ఇల్లు వదిలి తిరువణ్ణామలై చేరాడు. 1907లో ఆయన్ను భగవాన్ రమణ మహర్షి అని పిలిచింది మన బొబ్బిలి ప్రాంతంలో పుట్టిన కావ్యకంఠ గణపతి మునే. తర్వాత చలం కూడా ఆ కొండ దగ్గరే స్థిరపడిపోయారు.

వెలుగులు చూశామనీ, దేవతలు కనిపించారనీ భక్తులు వచ్చి చెబితే రమణుడు వాళ్ల దృష్టిని చూసేవాడి వైపు తిప్పేవారు. ఇది ఎవరికి కనిపిస్తోంది? దృశ్యాలు వస్తుంటాయి, పోతుంటాయి. వాటిని చూసేవాడు ఎవడో తెలుసుకోవడమే పని అనేవారు. మాండూక్య ఉపనిషత్తు 12 మంత్రాల్లో చెప్పేదీ దాదాపు ఇదే. మెలకువ, కల, గాఢనిద్ర.. ఈ మూడింటికీ ఆధారంగా ఉన్నదాన్ని ‘తురీయం’ అంది. అదొక కొత్త సీన్ కాదు, అన్ని సీన్లకూ వెనకున్న తెర లాంటిది.

ల్యాబ్ ఏం చూసింది?

సైన్సు కూడా చాలాకాలంగా ఈ విషయం మీద పని చేస్తోంది. 1961లో ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన బి.కె. ఆనంద్ బృందం యోగుల మెదడు తరంగాలను ఈఈజీతో కొలిచి ప్రచురించింది. సమాధిలో ఉన్నప్పుడు వాళ్ల ఆల్ఫా తరంగాలు బయటి చప్పుళ్లకు, వెలుతురుకు చెదరలేదు. ఇద్దరు యోగులు 4 డిగ్రీల చల్లటి నీళ్లలో ముప్పావు గంటకు పైగా చెయ్యి పెట్టినా ఆల్ఫా తరంగాలు నిలకడగానే ఉన్నాయి.

2004లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో రిచర్డ్ డేవిడ్‌సన్ బృందం ఎనిమిది మంది బౌద్ధ సాధకులను పరీక్షించింది. కరుణా ధ్యానం చేసేటప్పుడు వాళ్ల మెదడులో గామా తరంగాలు చాలా బలంగా కనిపించాయి. అసలు విశేషం ఇంకోటుంది. ధ్యానం మొదలుపెట్టకముందు, ఊరికే కూర్చున్నప్పుడు కూడా వాళ్ల మెదడు మామూలువాళ్ల కంటే తేడాగా ఉంది. అంటే మార్పు ధ్యానంలో కూర్చున్న ఆ కాసేపటిది కాదు, మనిషితోపాటు లేచి నడుస్తోంది. అచ్చం గీత చెప్పినట్టే!

ఇంతకీ ఆ సాధకులు చేసిన ధ్యానం ఎంతో తెలుసా? 10 వేల నుంచి 50 వేల గంటలు. రోజుకు అరగంట చొప్పున 10 వేల గంటలు పూర్తి చేయాలంటే దాదాపు 55 ఏళ్లు పడుతుంది. 21 రోజుల ఆఫర్లు చూసినప్పుడు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి. అలాగని నిరాశ అక్కర్లేదు. కాస్త నెమ్మదించడానికి అన్ని గంటలు అవసరం లేదు.

ఎక్కడ ఆగాలి?

ఇందులో ప్రమాదం కూడా ఉంది. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో పాశ్చాత్య బౌద్ధ సాధకులను అడిగి, ధ్యానంలో ఎదురయ్యే ఇబ్బందికరమైన అనుభవాలను 59 రకాలుగా విడదీశారు. భయం, నిద్ర పట్టకపోవడం, లోకమంతా అబద్ధంలా అనిపించడం లాంటివి అందులో ఉన్నాయి. ఇలాంటివి వచ్చినప్పుడు ‘ఇది పైమెట్టు గుర్తు, ఇంకా గట్టిగా చెయ్యి’ అని ఎవరైనా అంటే వినొద్దు.

రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలసట తెలియకపోవడం, లోపలి నుంచి ఎవరో ఆజ్ఞలు ఇస్తున్నట్టు వినిపించడం, ‘లోకాన్ని కాపాడటానికి నన్నే ఎంచుకున్నారు’ అనిపించడం, తిండి మానేయడం.. వీటిని ఆధ్యాత్మిక ప్రగతి అనుకోకండి. ధ్యానం ఆపి, ఇంట్లోవాళ్లకు చెప్పి, డాక్టర్‌ను కలవండి. ఇప్పటికే మందులు వాడుతుంటే ధ్యానాన్ని నమ్ముకుని మానేయొద్దు. ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇలా చూసుకోండి

సరే, ఎదుగుతున్నామో లేదో తెలియాలంటే? వెలుగుల్ని లెక్కపెట్టడం మానేసి వీటిని గమనించండి.

* కోపం వచ్చాక చల్లబడటానికి పోయినేడాది ఎంతసేపు పట్టేది, ఇప్పుడు ఎంతసేపు?
* ఎవరైనా తిడుతూ కామెంట్ పెడితే వెంటనే జవాబు టైప్ చేసేస్తున్నారా, ఓ ఊపిరి తీసుకోగలుగుతున్నారా?
* ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వింటున్నారా?
* స్నేహితుడికి మంచి ఉద్యోగం వస్తే లోపల మంట తగ్గిందా?
* తప్పు చేస్తే ‘సారీ’ చెప్పడం కాస్త సులువైందా?

ఈ ప్రశ్నలకు మనమే మార్కులు వేసుకుంటే ఎక్కువే వేసుకుంటాం. అందుకే మనతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లను అడగడం మంచిది. ‘ధ్యానంలో ఉంటే డిస్టర్బ్ చేస్తావేంటి!’ అని అమ్మ మీద అరిచామంటే, ఆ పూట ఎన్ని రంగులు కనిపించినా లెక్కలోకి రావు. అదే అమ్మ ఓరోజు ‘ఈమధ్య నువ్వు కాస్త నెమ్మదించావురా’ అందనుకోండి.. అంతకంటే నమ్మకమైన గుర్తు ఇంకోటి ఉండదు.