ఇంజన్ మారితే ఇరుసు ఎందుకు మారాలి?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే పాత కాలనీ ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పని వెతుక్కుంటూ వెళ్లిన తెలుగువారి కుటుంబాలు ఆ పట్టణంలో నేటికీ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. చక్రాలు, ఇరుసులు, స్ప్రింగులు విప్పి, పరీక్షించి, మళ్లీ బిగించడం అక్కడి రైల్వే వర్క్‌షాప్‌లో నిత్యం జరిగే పని. అదే ఊరిలో 1951లో మొదలైన ఐ.ఐ.టి.లో విద్యార్థులు ‘టీమ్‌కార్ట్’ పేరుతో ఫార్ములా స్టూడెంట్ పోటీల కోసం చిన్న రేసు కార్లు తయారు చేస్తుంటారు. రైలుబండి ఇరుసు, రేసు కారు ఇరుసు రెండూ ఒకే ఊరిలో కనిపిస్తాయి కాబట్టి, మన ప్రశ్నను అక్కడి నుంచే మొదలుపెడదాం. చిన్న కారులో పెద్ద ఇంజన్ పెడితే వెనుక ఇరుసుకు, స్ప్రింగులకు ఏమవుతుంది?

పెద్ద ఇంజన్ అనగానే అందరూ ‘ఎన్ని హార్స్ పవర్?’ అని అడుగుతారు. ఇరుసుకు ఆ లెక్కతో పెద్దగా పని లేదు. దానికి కావలసింది టార్క్, అంటే తిప్పే బలం. ఒక లెక్క వేద్దాం. పాత ఇంజన్ టార్క్ 100 న్యూటన్ మీటర్లు అనుకోండి. మొదటి గేరు దాన్ని 3.5 రెట్లు, వెనుక ఉన్న క్రౌన్ పినియన్ మరో 4 రెట్లు పెంచుతాయి. మొత్తం 1400. రెండు చక్రాలకు పంచితే ఒక్కో ఇరుసు కడ్డీకి 700. కొత్త ఇంజన్ 250 న్యూటన్ మీటర్లు ఇస్తే ఇదే లెక్కన ఒక్కో కడ్డీకి 1750 వస్తుంది.

అంత బలమూ నిజంగా కడ్డీ మీద పడుతుందా? ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. కారు బరువు 1000 కిలోలు, అందులో సగం వెనుక ఉందనుకుందాం. వేగం పుంజుకునేటప్పుడు మరో 100 కిలోల వరకు బరువు వెనక్కి వాలుతుంది. అంటే ఒక్కో వెనుక చక్రం మీద 300 కిలోలు, దాదాపు 3000 న్యూటన్లు. ఘర్షణ గుణకం 0.9 అయితే టైరు రోడ్డును 2700 న్యూటన్లకు మించి నెట్టలేదు. చక్రం వ్యాసార్ధం 0.3 మీటర్లు కాబట్టి కడ్డీ మీద నిలకడగా పడగల టార్క్ 810 మాత్రమే. అది దాటితే టైరు జారి, ఉన్నచోటే తిరుగుతుంది. ఒక విధంగా టైరే ఇరుసుకు ఫ్యూజు వంటిది.

పాత ఇంజన్ ఇచ్చిన 700కి ఆ ఫ్యూజు ఎప్పుడూ పోలేదు. కొత్త ఇంజన్‌తో మొదటి గేరులో ప్రతిసారీ పోతుంది. అప్పుడు యజమాని ఏం చేస్తాడు? పట్టు ఎక్కువగా ఉండే వెడల్పాటి టైర్లు కొంటాడు. ఘర్షణ గుణకం 1.2కి పెరిగితే కడ్డీ మీద పడే టార్క్ 1080 అవుతుంది. అంటే ఇరుసును విరిచేది ఇంజన్ ఒక్కటే కాదు, మంచి టైరు కూడా! దీనికి తోడు క్లచ్‌ను ఒక్కసారిగా వదిలితే తగిలే కుదుపు ఈ అంకెలను క్షణకాలం ఇంకా పైకి తీసుకుపోతుంది.

కడ్డీ బలం దాని వ్యాసం ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుందని మీరు చదువుకున్నారు. 25 మిల్లీమీటర్ల కడ్డీ బదులు 28 మిల్లీమీటర్లది వేస్తే, మూడు మిల్లీమీటర్ల తేడాతోనే బలం 40 శాతం పెరుగుతుంది. అయితే కడ్డీ సాధారణంగా నడుమ విరగదు. పళ్లు కోసిన చోట, వ్యాసం హఠాత్తుగా మారే మెడ దగ్గర చిన్న పగులు మొదలై, వేలసార్లు బరువు పడి లేచాక తెగుతుంది. దీన్నే లోహపు అలసట అంటారు. ఈ పాఠం ప్రపంచానికి రైళ్లే నేర్పాయి. 1842లో ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలు ఇంజన్ ఇరుసు విరిగి, 50 మందికి పైగా చనిపోయారు. తరువాత జర్మన్ రైల్వే ఇంజనీరు వోలర్ ఏళ్ల తరబడి ఇరుసులపై ప్రయోగాలు చేసి, ఈ అలసటను లెక్కకు అందేలా చేశాడు. నేడు రైల్వేలో ఇరుసు లోపలి పగుళ్లను అల్ట్రాసోనిక్ తరంగాలతో వెతుకుతారు.

రైలు పెట్టె ఇరుసుకు రెండు చక్రాలూ గట్టిగా బిగించి ఉంటాయి. కారులో అలా కుదరదు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, అందుకే డిఫరెన్షియల్. చాలా కార్లలో ఇరుసు కడ్డీ చక్రాన్ని తిప్పడమే కాక కారు బరువునూ మోస్తుంది. దీన్ని సెమీ ఫ్లోటింగ్ అంటారు. లారీలో బరువును బయటి గొట్టం మోస్తుంది, కడ్డీ తిప్పడానికే పరిమితం. ఈసారి లారీ ఆగినప్పుడు వెనుక చక్రం నడుమ బయటికి పొడుచుకు వచ్చిన హబ్బును, దాని చుట్టూ ఉన్న బోల్టులను గమనించండి. ఆ బోల్టులు విప్పితే చక్రం తీయకుండానే కడ్డీని బయటికి లాగవచ్చు.

ఇక స్ప్రింగుల సంగతి. చక్రాన్ని ముందుకు తిప్పే బలానికి ప్రతిచర్యగా ఇరుసు గొట్టం వెనక్కి తిరగబోతుంది. అంబాసిడర్ వంటి కార్లలో దాన్ని ఆపేవి కమాను కట్టలే. టార్క్ పెరిగితే ఆ పట్టీలు మెలిక పడి వంగుతాయి, టైరు జారుతుంది, పట్టీలు తిరిగి నిటారవుతాయి, టైరు మళ్లీ పట్టుకుంటుంది. సెకనులో ఇది పలుమార్లు జరిగితే ఇరుసు మొత్తం గంతులు వేస్తుంది. కమాను కట్టకు మరో పట్టీ చేర్చడం కంటే, మెలికను ఆపే కడ్డీలను విడిగా అమర్చడమే మేలని నా అభిప్రాయం. బరువు మోసే పని, మెలిక ఆపే పని వేరు వేరు భాగాలకు అప్పగించాలి.

బ్రిటిష్ కార్ల కంపెనీలు ఈ దారిలోనే నడిచాయి. 1964లో వచ్చిన సన్‌బీమ్ టైగర్, అంతకు ముందున్న ఆల్పైన్ కారులో ఫోర్డ్ వి8 ఇంజన్ పెట్టగా పుట్టినదే. దానికి బలమైన సాలిస్‌బరీ ఇరుసు వేసి, అది పక్కకు కదలకుండా పాన్‌హార్డ్ రాడ్ చేర్చారు. 1962 నాటి ఏసీ కోబ్రా కూడా అటువంటిదే. ఏసీ ఏస్ అనే తేలికైన కారులో కారల్ షెల్బీ వి8 పెట్టించాడు. ముందుగా డిఫరెన్షియల్‌ను బలపరిచారు. 1965లో 7 లీటర్ల ఇంజన్ వచ్చేసరికి అది చాలలేదు. ఛాసిస్ గొట్టాలు లావుచేసి, అడ్డ కమాన్ల స్థానంలో కాయిల్ స్ప్రింగులు పెట్టవలసి వచ్చింది.

స్ప్రింగును గట్టిపరిస్తే చాలదా? మన కారు ఒక్కో వెనుక చక్రం మోసే 250 కిలోలకు, మిల్లీమీటరుకు 25 న్యూటన్ల స్ప్రింగు ఉందనుకోండి. దాని సహజ పౌనఃపున్యం దాదాపు 1.6 హెర్ట్జ్. వేగం పుంజుకునేటప్పుడు వెనక్కి వాలే 50 కిలోలకు అది 20 మిల్లీమీటర్లు కుంగుతుంది. స్ప్రింగు గట్టిదనాన్ని రెట్టింపు చేస్తే కుంగేది 10 మిల్లీమీటర్లే, కానీ పౌనఃపున్యం 2.25కు పెరిగి గతుకుల మీద టైరు రోడ్డును వదిలేస్తుంది. షాక్ అబ్జార్బర్ కూడా 1.4 రెట్లు గట్టిది కాకపోతే కారు ఊగుతూనే ఉంటుంది.

మన దేశంలో రోడ్డు మీద తిరిగే కారుకు ఇవన్నీ ఇష్టం వచ్చినట్లు చేయడానికి వీలు లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు నిర్దేశానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఇంజన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి తప్పనిసరి.

కాబట్టి ఈ విద్య నేర్చుకోవడానికి సరైన చోటు ఫార్ములా స్టూడెంట్ పోటీయే. అక్కడ పెట్రోలు ఇంజన్ 710 సీసీలకు మించకూడదు కాబట్టి చాలా జట్లు మోటారు సైకిల్ ఇంజన్‌ను వాడతాయి. మోటారు సైకిల్‌కు వెనుక ఒకటే చక్రం, డిఫరెన్షియల్ ఉండదు. గొలుసు వచ్చి తగిలే పళ్ల చక్రం మొదలు డిఫరెన్షియల్, రెండు ఇరుసు కడ్డీలు, వాటి కీళ్ల వరకు విద్యార్థులే లెక్క కట్టి సమకూర్చుకోవాలి. చక్రం కనీసం 50 మిల్లీమీటర్లు పైకీ కిందికీ కదలాలని నియమం. ఆ కదలికలో ఎక్కడా కడ్డీ కీలు లోంచి ఊడిరాకూడదు, లోపలికి గుద్దుకోకూడదు. అందుకే కడ్డీ పొడవు నిర్ణయించే ముందు స్ప్రింగు తీసేసి, చక్రాన్ని చేత్తో పైకీ కిందికీ ఎత్తి దించి కొలుచుకోవాలి.