ముంజేతి మీది గుర్తు – మనిషి మీది తీర్పు

తిరుపతి, చిత్తూరు పల్లెలకు పచ్చబొట్టు కొత్త కాదు. ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి సోది చెప్పేవారు, పచ్చబొట్లు పొడిచేవారు. పండు ముసలివారి ముంజేతుల మీద ఆ గుర్తులు నేటికీ కనిపిస్తాయి. వాటిని చూసి వారి గుణాన్ని ఎవరూ శంకించలేదు. ఇప్పుడు అదే పచ్చబొట్టు ‘టాటూ’ పేరుతో పట్నపు కుర్రాళ్ల మెడకూ, చేతికీ ఎక్కింది. పనికోసం వెళ్లిన చోట చదువుకంటే ముందు అదే కంటబడుతోంది.

ఈ విషయంలో ధర్మం మాట స్పష్టం. పచ్చబొట్టు పొడిచేవారినీ, పొడిపించుకునేవారినీ మహాప్రవక్త (స) శపించినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. కాబట్టి దాన్ని మేము సమర్థించడం లేదు. లోకవ్యవహారంలోనూ దానివల్ల నష్టముంది. సైన్యంలో చేరాలంటే పచ్చబొట్టు ముంజేతి లోపలివైపు లేదా అరచేతి వెనుకవైపు మాత్రమే ఉండాలి. ఆదివాసీలకు వారి ఆచారాన్నిబట్టి సడలింపు ఉంది. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లోనైతే ముంజేతుల్లో ఎడమదానికే అనుమతి. కుడిచేయి సెల్యూట్ చేసే చేయి కదా! సైజు కూడా ఆ భాగంలో నాలుగో వంతుకు మించరాదు.

ఇవి ముందే చెప్పిన నియమాలు. తెలుసుకుని జాగ్రత్తపడవచ్చు. కాని హోటల్ కౌంటర్లో, బట్టల షాపులో, నర్సింగ్‌హోమ్‌లో కాగితం మీద ఏ నియమమూ ఉండదు. యజమాని చూపే కొలబద్ద. “కబురు చేస్తాం” అంటారు, కబురు రాదు. ఏ తప్పుకు శిక్షపడిందో కుర్రాడికి తెలియనే తెలియదు.

ఈ బాధ మనకు తెలియనిదా? గడ్డం, టోపీ, బుర్ఖా చూసి ముఖం తిప్పుకునేవారు లేరా? గడ్డం పెంచినందుకు వైమానిక దళం నుంచి తొలగింపునకు గురైన ముస్లిం ఉద్యోగి అప్పీలును 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ నియమం సాయుధ దళాల ఏకరూపత, క్రమశిక్షణల కోసమని చెప్పింది. మరి దుకాణంలో లెక్కలు రాయడానికి గడ్డం ఏం అడ్డు?

అయితే ఈ ప్రశ్న వేసే మనం మన దుకాణాల్లో ఏం చేస్తున్నాం? చేతిమీద టాటూ ఉన్న పిల్లవాడు పని అడిగితే ‘రౌడీలా ఉన్నాడు’ అంటున్నాం. అతడు మస్జిదుకు వస్తే ‘వీడి వుజూ చెల్లుతుందా?’ అని గుసగుసలాడుతున్నాం. చెల్లుతుంది. రంగు చర్మం లోపల ఉంటుంది, నీటిని ఆపదు. వుజూ, గుస్ల్ నెరవేరతాయని ఉలమా చెప్పారు. పశ్చాత్తాపపడినవాడు హాని లేకుండా తీయించుకోగలిగితే మంచిది. లేజర్‌తో తీయించాలంటే ఒక్కసారితో పోదు, డబ్బూ కావాలి. హాని కలిగేటట్లయితే తౌబా చాలు. అల్లాహ్ క్షమించినవాడికి మనం కూలిపని కూడా ఇవ్వకపోతే ఎలా?

అపహాస్యం, అతి అనుమానం కూడదని దివ్య ఖురాన్ 49వ సూరా 11, 12 ఆయతులు ఆదేశిస్తున్నాయి. అల్లాహ్ మన రూపాలనూ సంపదలనూ చూడడు, మన హృదయాలనూ కర్మలనూ చూస్తాడని సహీహ్ ముస్లిం హదీసు తెలుపుతోంది.

యువకులారా! సూది ముందు చేయి చాచకండి. చాచాలనిపిస్తే కోరుకున్న ఉద్యోగం నియమాలు ఒకసారి చదవండి. యజమానులారా! చేయి మీద ఏముందో కాదు, ఆ చేయి పని ఎలా చేస్తుందో చూడండి. మన బిడ్డలకు ఎలాంటి న్యాయం కోరుతామో, ఎదుటివారి బిడ్డలకూ అదే కొలతతో కొలవడం మన బాధ్యత.