కెమెరాకు మరో బ్యాటరీ: కొనే ముందు, కొన్న తరువాత

ఈ పాఠం చదివిన తరువాత మీరు

• బ్యాటరీ మీద ఉన్న అంకెలను చదివి అర్థం చెప్పగలుగుతారు.
• వేరే కంపెనీ బ్యాటరీకీ, నకిలీ బ్యాటరీకీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• కొన్న బ్యాటరీని పరీక్షించి, ఉంచుకోవాలో తిరిగి ఇవ్వాలో నిర్ణయించగలుగుతారు.

1. సమస్య ఏమిటి?

పెళ్ళిళ్ళకూ, పుట్టినరోజు వేడుకలకూ ఫోటోలు తీసేవారిని మీరు చూసే ఉంటారు. మీరే ఆ పని చేస్తూ ఉండవచ్చు. డిజిటల్ కెమెరాకు ఫిల్ము అక్కరలేదు గాని, బ్యాటరీ లేనిదే అది పనిచేయదు. జీలకర్ర-బెల్లం పెట్టే సమయానికి బ్యాటరీ అయిపోతే ఆ ఫోటోను మళ్ళీ తీయలేరు. ఆ ఇంటివారు మిమ్మల్ని మరోసారి పిలవకపోవచ్చు. అందువల్ల ఈ వృత్తిలో ఉన్నవారు కనీసం రెండు బ్యాటరీలు దగ్గర ఉంచుకుంటారు.

కెమెరా కంపెనీ అమ్మే బ్యాటరీ ధర ఎక్కువ. అదే కొలతలతో వేరే కంపెనీలు చేసేవి తక్కువ ధరకు దొరుకుతాయి. వాటిలో మంచివీ ఉన్నాయి, పనికిరానివీ ఉన్నాయి. ఇక్కడ ఒక తేడాను గమనించండి. తన సొంత పేరు వేసుకొని, ఫలానా కెమెరాకు సరిపోతుందని చెప్పి అమ్మితే అది వేరే కంపెనీ బ్యాటరీ. అందులో మోసం లేదు. కెమెరా కంపెనీ పేరునే దొంగతనంగా అచ్చువేసి అమ్మితే అది నకిలీ. తయారు చేసినవారు ఎవరో తెలియని వస్తువుకు బాధ్యత వహించేవారు ఉండరు. కాబట్టి నకిలీని ఎంత చవకగా ఇచ్చినా కొనకండి.

2. అంకెలు ఏం చెబుతాయి?

నేటి కెమెరాలలో ఎక్కువగా వాడేది లిథియం-అయాన్ బ్యాటరీ. 1991లో సోనీ కంపెనీ ఈ రకాన్ని మొదట మార్కెట్లోకి తెచ్చింది. బ్యాటరీ మీద మూడు అంకెలు చూడండి.

వోల్టులు: దీనిని నీళ్ళ ట్యాంకు ఎత్తుతో పోల్చవచ్చు. ఒక్కొక్క సెల్ సుమారు 3.6 లేదా 3.7 వోల్టులు ఇస్తుంది. రెండు సెల్‌లను వరుసగా కలిపితే 7.2 లేదా 7.4 అవుతుంది. ఈ చిన్న తేడాకు భయపడనక్కరలేదు. కాని 7.4 వోల్టుల బ్యాటరీ స్థానంలో 3.7 వోల్టులది పనికిరాదు.

మిల్లీ ఆంపియర్-గంటలు: ఇది ట్యాంకులో పట్టే నీటి వంటిది. ఎక్కువ ఉంటే ఎక్కువ ఫోటోలు వస్తాయి.

వాట్-గంటలు: ఇది మొత్తం శక్తి. వోల్టులను మిల్లీ ఆంపియర్-గంటలతో గుణించి 1000తో భాగిస్తే వస్తుంది.

ఉదాహరణకు, కేనన్ 1300డీ కెమెరాలో వాడే ఎల్‌పీ-ఇ10 బ్యాటరీ 7.4 వోల్టులు, 860 మిల్లీ ఆంపియర్-గంటలు. 7.4 × 860 ÷ 1000 = సుమారు 6.4 వాట్-గంటలు. అదే సైజు బ్యాటరీ మీద 2000 అని రాసి ఉంటే నమ్మకండి. పావుశేరు గిన్నెలో అరశేరు బియ్యం పట్టవు కదా!

3. కంటికి కనబడని రక్షణ

మంచి బ్యాటరీలో సెల్‌లతోపాటు ఒక చిన్న రక్షణ సర్క్యూట్ ఉంటుంది. ఛార్జి మితిమీరినా, పూర్తిగా అడుగంటినా, షార్ట్ అయినా అది విద్యుత్తును ఆపుతుంది. ఖర్చు తగ్గించడానికి దీనిని సరిగా పెట్టకపోతే బ్యాటరీ వేడెక్కి, ఉబ్బి, మంట అంటుకునే ప్రమాదం ఉంది.

దీనిని పైనుంచి చూసి చెప్పలేం. అందుకే బ్యాటరీ మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16046 అనే ప్రమాణం సంఖ్య, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడండి. గుర్తును ఎవరైనా అచ్చువేయగలరు. కాబట్టి ఆ నంబరును ఫోనులోని బీఐఎస్ కేర్ యాప్‌లో వేసి సరిచూసుకోండి.

4. కొన్న తరువాత

బిల్లు తప్పక తీసుకోండి. తిరిగి ఇచ్చే గడువు లోపలే ఈ పరీక్షలు చేయండి.

అ) బ్యాటరీ కెమెరాలోకి బలవంతం లేకుండా వెళ్ళాలి, తేలికగా బయటికి రావాలి.
ఆ) ఛార్జి చేసేటప్పుడు దగ్గరే ఉండండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేతితో పట్టుకోలేనంత వేడెక్కితే వెంటనే ఆపివేయండి.
ఇ) పూర్తిగా ఛార్జి చేసి, అయిపోయే వరకు ఎన్ని ఫోటోలు వచ్చాయో రాసుకోండి. ఇలా మూడు నాలుగుసార్లు చేసి, పాత బ్యాటరీ మంచి స్థితిలో ఉన్నప్పుడు ఇచ్చిన లెక్కతో పోల్చండి.
ఈ) సగం ఉందని చూపించి హఠాత్తుగా కెమెరా ఆగిపోతే ఆ బ్యాటరీని పనికి తీసుకుపోకండి.

కొన్ని కెమెరాలు వేరే కంపెనీ బ్యాటరీ పెడితే హెచ్చరిక చూపుతాయి, లేదా మిగిలిన ఛార్జిని చూపవు. ఇది కొనే ముందే దుకాణంలో అడిగి తెలుసుకోండి. కెమెరా వారంటీలో ఉంటే ఆ షరతులు కూడా చదవండి. దుకాణదారు న్యాయం చేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

5. జాగ్రత్తలు

విడి బ్యాటరీని తాళంచెవులు, చిల్లర ఉన్న జేబులో వేయకండి. లోహం తగిలి షార్ట్ కావచ్చు. ఎండలో నిలిపిన బండి డిక్కీలో ఉంచకండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం, మళ్ళీ ఛార్జి చేయడం ప్రమాదం. దానిని చెత్తబుట్టలో గాని, మంటలో గాని వేయకుండా పాత బ్యాటరీలు సేకరించే కేంద్రంలో ఇవ్వండి.

చివరగా ఒక మాట. కొత్త బ్యాటరీ పరీక్షలన్నీ నెగ్గినా, మొదటి కొన్ని పనులలో దానిని అదనపు బ్యాటరీగానే వాడండి. ముఖ్యమైన ఘట్టానికి మీకు అలవాటైన బ్యాటరీ కెమెరాలో ఉండాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

ఒక బ్యాటరీ మీద 7.4 వోల్టులు, 1200 మిల్లీ ఆంపియర్-గంటలు, 6.4 వాట్-గంటలు అని ఉంది. దానిని మీరు కొంటారా? ఎందుకు?

జవాబు: కొనకూడదు. 7.4 × 1200 ÷ 1000 = సుమారు 8.9. కాని రాసినది 6.4. అంకెలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. కనీసం ఒకటి తప్పు.