పాత లాప్‌టాప్‌కు కొత్త ప్రాణం



మన సైన్సు గదిలో ఉన్న నల్ల లాప్‌టాప్ మీ అందరికీ తెలుసు. అది 2004 నాటిది. పోయిన ఏడాది దసరా సెలవుల ముందు టక్ టక్ మని చప్పుడు చేసి ఆగిపోయింది. మా తండాలో నాయనమ్మ పాడిన లంబాడీ పాటలు అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా దాచుకోలేదు. పాటలు పోయాయి. లాప్‌టాప్ మాత్రం మళ్లీ నడుస్తోంది. ఎలాగో చెబుతాను, చదవండి.

హార్డ్ డిస్కు ఎందుకు పాడవుతుంది?

హార్డ్ డిస్కు లోపల అద్దంలాంటి పళ్లెం ఉంటుంది. అది నిమిషానికి 4200, 5400 సార్లు తిరుగుతుంది. దాని మీద ఒక చిన్న ముల్లు ఆనకుండా తేలుతూ చదువుతుంది, రాస్తుంది. మధ్యలో ఖాళీ తలవెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదు. నడుస్తుండగా బల్ల మీంచి జారితే ముల్లు పళ్లానికి తగులుతుంది. ఇక అంతే!

మొదటి హార్డ్ డిస్కును 1956లో ఐ.బి.ఎం. కంపెనీ తెచ్చింది. రెండడుగుల వెడల్పున్న పళ్లాలు 50 ఉండేవి. అన్నీ కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలే. ఇప్పుడు సెల్‌ఫోన్లో ఒక్క పాటకే అంత చోటు కావాలి.

మెమరీ కార్డు సంగతి

ఇందులో తిరిగేది ఏదీ లేదు. చిన్న చిన్న గదుల్లో విద్యుత్తును బంధించి ఉంచుతారు. కరెంటు తీసేసినా అది పోదు. దీన్నే ఫ్లాష్ మెమరీ అంటారు. 1980లలో జపాన్‌లో తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసుఓకా కనిపెట్టారు. 1994లో కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు వచ్చింది. పాత హార్డ్ డిస్కు ఏ భాషలో మాట్లాడుతుందో ఈ కార్డుకూ ఆ భాష వచ్చు. అందుకే లాప్‌టాప్ దీన్ని హార్డ్ డిస్కే అనుకుంటుంది!

మేము చేసిన పని

విజయవాడలో అడిగితే అలాంటి హార్డ్ డిస్కులు ఇప్పుడు రావడం లేదన్నారు. మైలవరంలో ఒక ఫోటో స్టూడియో అన్న తన పాత కెమెరా కార్డు ఇచ్చాడు. 8 జీబీది. సైన్సు సారు దగ్గరుండి చేయించారు.

1. చార్జరు, బ్యాటరీ తీసేశాం. ఇనుప వస్తువును ముట్టుకుని ఒంట్లోని విద్యుత్తు పోగొట్టుకున్నాం.
2. కింది స్క్రూలు విప్పి పాత డిస్కు బయటికి లాగాం.
3. 44 పిన్నుల అడాప్టరులో కార్డు పెట్టాం. తిరగేసి పెడితే కార్డు కాలిపోవచ్చు, జాగ్రత్త!
4. మరో కంప్యూటర్లో కార్డు మీదికి డెబియన్ 12 ఎక్కించాం. ఇది ఉచితం. 2023లో వచ్చింది. దీని తర్వాతిది ఇలాంటి 32 బిట్ల పాత యంత్రాల్లో ఎక్కదు.

ఎస్.డి. కార్డు అయితే మధ్యలో చిప్పు ఉన్న అడాప్టరు కావాలి. కొంచెం కొత్త లాప్‌టాప్‌లకు సాటా ఎస్.ఎస్.డి. మేలు. అందులోనూ ఉండేది ఫ్లాష్ మెమరీయే.

ఏం చేయగలదు, ఏం చేయలేదు?

తెలుగు టైపింగు, లెక్కల ఆటలు, పాటలు బాగా వస్తున్నాయి. చప్పుడు లేదు, వేడి తక్కువ. సినిమాలు, ఇంటర్నెట్టు అడగొద్దు. ర్యామ్ 512 ఎంబీయే.

ఒక లోపం ఉంది. కార్డులోని గదులు ఇన్నిసార్లే రాయించుకుంటాయి. పలకను మాటిమాటికీ చెరిపితే అరుగుతుంది కదా, అలాగే. ర్యామ్ నిండినప్పుడు డిస్కు మీద రాసుకునే స్వాప్ అనే పద్ధతి ఉంది. అందుకే దాన్ని ఆపేశాం. కార్డు కూడా ఏదో ఒకరోజు పోతుంది. అందుకని రాసిందల్లా ప్రతి శనివారం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి.

వార్డెన్ సార్‌కు ఒక మనవి. స్టోరు గదిలో ఇంకో రెండు లాప్‌టాప్‌లు ఉన్నాయి. పాత సామాన్ల వాడికి వేసేముందు మాకు ఒకసారి చూపించండి సార్.

సంక్రాంతికి ఇంటికెళ్లి నాయనమ్మను మళ్లీ పాడమంటాను. సగం మరిచిపోయానంటోంది. ఈసారి రెండు చోట్ల దాచుతాను. మీరూ అలాగే చేయండి.

– 10వ తరగతి విద్యార్థి